బొమ్మ నిలిచినచో ముందు ధ్వనిని విచారింపుడు

చలనచిత్రము కూర్చుట నేడు స్టూడియోలకే పరిమితమైన పని కాదు. అమ్మాయి సీమంతము, మనుమని అక్షరాభ్యాసము, ఆవకాయ పెట్టు విధము, బడిలో పిల్లలు చదివిన పద్యములు మున్నగువానిని ఫోనుతో పట్టి, ఇంటనున్న కంప్యూటరుపై కత్తిరించి, అతికించి, బంధువులకు పంపు సోదరీమణులు పల్లెలయందు సైతము కలరు. కొందరు దీనివలన నాలుగు రూకలు సంపాదించి సంసారమునకు తోడ్పడుచున్నారు. ఇట్టివారు మాకు వ్రాయు జాబులలో ఒక కష్టము తరచుగా కానవచ్చుచున్నది. పని సాగుచుండగా బొమ్మ ఉన్నచోటనే నిలిచిపోవును. లేదా మాట ముక్కలు ముక్కలుగా వినవచ్చి, పిదప సర్వమును స్తంభించును. కంప్యూటరు పాతబడినదని కొందరును, తమకీ విద్య అబ్బదని కొందరును నిరాశ చెందుచున్నారు. ఈ రెండును తొందరపాటు నిర్ణయములే. బొమ్మ నిలిచినపుడు దోషము బొమ్మయందు గాక ధ్వనియందుండుట పలుమారు జరుగుచుండును. ఈ మాసమున ఆ విషయమునే విచారింతము.

గోదావరీ తీరమునుండి ఒక సోదరి వ్రాసిన జాబు మమ్ము ఈ పనికి పురికొల్పినది. ఆమె అత్తగారు లాలిపాటలు, మంగళహారతులు, అప్పగింత పాటలు పెక్కు ఎరిగినవారట. కోడలు తీరిక చిక్కినపుడెల్ల వానిని ఫోనులో పట్టి యుంచినది. అత్తగారు గతించిరి. సాంవత్సరికమునాటికి ఆ పాటలన్నియు ఒక గంట చిత్రముగా కూర్చి ఆడుబిడ్డలకు ఇయ్యవలెనని ఆమె సంకల్పము. మూడు పాటలు చక్కగా అమరినవి. నాలుగవ పాటకు వచ్చుసరికి కంప్యూటరు నిలిచిపోవుచున్నది. ఎన్నిమార్లు ఆరంభించినను అదే తంతు. పొరుగింటి కుఱ్ఱవాడు వచ్చి చూచి, "అన్నియు చెరిపివేసి క్రొత్తగా ఎక్కింపవలసినదే" అని చెప్పిపోయినాడట. పాటలు పట్టిన ఫోనును అప్పటికే మార్పిడిలో ఇచ్చివేసినారు. ఆ పాటలు ఆ కంప్యూటరునందు తప్ప మరెచ్చటను లేవు. "చెరపమందురా? మానమందురా?" అని ఆమె ప్రశ్న.

ఆమెకు మేము వెంటనే వ్రాసిన మాట ఇది. ఏదియు చెరపవలదు. మొట్టమొదట మూలములైన ఫైళ్లన్నిటిని వేరొక హార్డుడిస్కునకును, ఇంకొక చోటికిని, అనగా రెండు చోట్లకు, నకలు తీసికొనుడు. నకలు తీసిన పిమ్మట నాలుగైదింటిని తెరచి, అవి పలుకుచున్నవో లేదో విని చూచుడు. అంతవరకు సాఫ్ట్‌వేరును తాకవలదు. ఇతర సోదరీమణులకును మా తొలి సలహా ఇదియే. యంత్రము నేడు కాకున్న రేపు బాగుపడును; పోయిన కంఠము మరల రాదు.

ధ్వని ఆగిన బొమ్మ ఏల ఆగును?

కారణము తెలిసిన భయము సగము తీరును. చలనచిత్రమనగా సెకనుకు 24, 25, లేక 30 నిశ్చలచిత్రములు వరుసగా కనబడుట. ఆ సెకనులోనే ధ్వని 48,000 చిన్న కొలతలుగా కొలువబడి లెక్కింపబడును. బొమ్మలలో ఒకటి రెండు జారిపోయినను కన్ను క్షమించును. ధ్వనిలో రవంత తెగినను చెవి క్షమింపదు; "టక్కు"మని వినబడును. అందుచేత బొమ్మను నడపు సాఫ్ట్‌వేరులు సాధారణముగా ధ్వనినే కాలమానముగా పెట్టుకొని, బొమ్మను దానికి అనుగుణముగా నడపుచుండును.

కూచిపూడి ప్రదర్శనమున నట్టువాంగము పట్టువాని తాళమును బట్టి నర్తకి అడుగు వేయును గదా. తాళము ఆగిన నర్తకి ఎత్తిన పాదముతో నిలువవలసినదే. ఆమెకు నాట్యము రాదని ఎవరును అనరు. ఇచటను అంతియే. ధ్వని చేరవలసిన స్పీకరు దానిని అందుకొనకున్నను, ధ్వని ఫైలు చదువుటకు చిక్కు కలిగినను, తాళము ఆగును, బొమ్మ నిలుచును, చూచువారు బొమ్మ చెడినదనుకొందురు.

ధ్వనియు బొమ్మయు వేర్వేరు దారుల నడచుట క్రొత్త సంగతియు కాదు. సినిమాశాలలయందు 35 మిల్లీమీటర్ల ఫిల్ము ఆడిన రోజులలో, ఫిల్ము అంచుననున్న ధ్వనిరేఖ తన బొమ్మకంటె 21 ఫ్రేములు ముందుగా ముద్రింపబడుచుండెడిది. బొమ్మ కటకము ముందు ఆగి ఆగి నడువవలెను. ధ్వని మాత్రము ఎడతెగక సాఫీగా జారవలెను. రెండును ఒకచోట పొసగవు గనుక, ధ్వనిని చదువు భాగమును వేరుగా అమర్చి యుండిరి. యంత్రములు మారినవి, ఆ భేదము మాత్రము మారలేదు.

ఒకటి: నిజముగా నిలిచినదా?

పెద్ద ఫైలును తెచ్చి పెట్టగానే, సాఫ్ట్‌వేరు దాని ధ్వనిని మొదటినుండి తుదివరకు చదివి, అలల ఆకారమున గీతలు గీయును. గంట నిడివిగల పాటల సభకు ఇందులకు కొన్ని నిమిషములు పట్టవచ్చును. ఆ సమయమున కంప్యూటరు మందగించుట సహజము. అడోబీ ప్రీమియర్ వంటివానిలో క్రింద కుడిమూల ఒక చిన్న గీత ఈ పని ఎంతవరకు వచ్చినదో చూపును. అన్నము ఉడుకుచుండగా మూత తీసి తీసి చూచినట్లు, ఇచటను మాటిమాటికి మీటలు నొక్కిన ఆలస్యమే హెచ్చును. కాఫీ త్రాగి వచ్చి చూచుడు.

అప్పటికిని కదలకున్నచో, విండోసు కంప్యూటరున కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలు మూడును ఒక్కసారిగా నొక్కుడు. టాస్కు మేనేజరు తెరచుకొనును. సాఫ్ట్‌వేరు పేరునకు ఎదుట ప్రాసెసరు గాని డిస్కు గాని వాడుచున్నట్లు అంకెలు మారుచున్నచో అది ఇంకను శ్రమించుచున్నదని గ్రహింపుడు. అంకెలు బొత్తిగా మారక, "నాట్ రెస్పాండింగ్" అని చాలసేపు ఉన్నచో అది నిలిచినదే. మాక్ కంప్యూటరునందు ఆప్షను, కమాండు, ఎస్కేపు మీటలు ఇట్టి పనికే ఉపకరించును.

రెండు: వినిపించు సాధనము

తక్షణము చేయదగిన పరీక్ష ఒకటి కలదు. తీగలేని బ్లూటూతు ఇయర్‌ఫోనులు, యు.ఎస్.బి. మైకు, టీవీకి పోవు హెచ్.డి.ఎమ్.ఐ. తీగ, ఇవన్నియు తీసివేసి, కంప్యూటరు స్వంత స్పీకర్లతోనే బొమ్మను నడపి చూచుడు. సాఫీగా నడచినచో దోషము మీ చిత్రమున లేదు. తీసివేసిన సాధనములలో ఒకదానియందున్నది.

బ్లూటూతు ఇయర్‌ఫోనులతో ఒక విచిత్రము కలదు. అవి పాట వినిపించునపుడు ఒక పద్ధతిని, మైకుగా పనిచేయునపుడు మరియొక పద్ధతిని అవలంబించును. మైకు తెరచుకొనినంతనే అవి సంభాషణ పద్ధతికి మారును. ధ్వని కొలతలు సెకనుకు 48,000 నుండి 16,000కో, 8,000కో దిగజారును. మీరు మైకు వాడకున్నను, ఎడిటింగు సాఫ్ట్‌వేరు దానిని తెరచి పట్టుకొనియుండవచ్చును. అప్పుడు తాళము మధ్యలో మారినట్లై బొమ్మ తడబడును, లేదా ఆగును.

దీనికి మందు చిన్నది. ప్రీమియర్‌లో ప్రిఫరెన్సెస్ అను చోట ఆడియో హార్డువేరు తెరచి, డిఫాల్టు ఇన్‌పుట్ అనుదానికి ఎదుట "నో ఇన్‌పుట్" అని ఎంచుకొనుడు. మీ కంఠము చేర్చవలసిన నాడు మరల మైకును ఎంచుకొనవచ్చును. ఆ పుటయందే అవుట్‌పుట్ అనుదానికి మీరు నిజముగా వినుచున్న సాధనము పేరున్నదో లేదో చూచుడు. నిన్న తగిలించి నేడు తీసివేసిన ఇయర్‌ఫోను పేరే ఇంకను ఉన్నచో, సాఫ్ట్‌వేరు లేనివాని గుమ్మము కడ నిలిచి పిలుచుచున్నదన్నమాట. డావించీ రిజాల్వ్‌లో ఈ ఏర్పాటు ప్రిఫరెన్సెస్‌లోని వీడియో అండ్ ఆడియో ఐ/ఓ అను చోట దొరకును.

మరియొక సంగతి. జూము సభ గాని, పాటలు వినిపించు బ్రౌజరు గాని వెనుక తెరచియున్నచో, స్పీకరుకొరకు రెండింటికిని పోటీ కలుగవచ్చును. వానిని మూసివేయుడు. "బఫరు" అను అంకె కనబడినచో దానిని కొంత పెంచుడు. సెకనుకు 48,000 కొలతల లెక్కన 512 కొలతల బఫరనగా సెకనులో నూరవ వంతు పాటి ధ్వని మాత్రమే నిలువయుండును. మరీ చిన్న పాత్రతో తోడిపోసినచో ధార తెగును. పాత్ర కొంచెము పెద్దదైన ధార నిలుచును.

మూడు: దోషముగల ఫైలును పట్టుకొనుట

సాధనములన్నియు సరిగానుండి, ప్రతిమారును ఒకే చోట బొమ్మ నిలుచుచున్నచో, ఆ చోటనున్న ఫైలును శంకింపవలెను. ముందుగా కూర్పును వేరొక పేరుతో భద్రపరచి, ఆ నకలుపై పరీక్షింపుడు. ధ్వని ట్రాకులన్నిటిని మూగచేసి నడపుడు. అది చాలకున్న, ధ్వని ముక్కలలో మొదటి సగమును తొలగించి నడపుడు. బొమ్మ నడచినచో దోషము తొలగించిన సగములోనున్నది. నిలిచినచో మిగిలిన సగములోనున్నది. దోషమున్న సగమును మరల రెండుగా చేయుడు. అరువది నాలుగు ముక్కలున్నను ఆరు పరీక్షలలో దోషి దొరకును. బియ్యములో రాయి ఏరుటకంటె ఇది సుళువు.

దొరకిన ఫైలును వీ.ఎల్.సీ. వంటి ఆటకారిలో మొదటినుండి తుదివరకు వినుడు. అచటను తెగినచో ఫైలే చెడినది. అచట బాగుగ పలికినంతమాత్రమున నిర్దోషి యనరాదు. వీ.ఎల్.సీ. ఓపికగల అత్త వంటిది. చిన్న తప్పులను సర్దుకొనిపోవును. ఎడిటింగు సాఫ్ట్‌వేరు ఏ క్షణమునకైనను వెనుకకును ముందునకును దుముకవలెను గనుక దానికంత సహనము లేదు.

ధ్వని ఫైళ్లలో చిక్కు కలిగించునవి ముఖ్యముగా మూడు తెగలు. మొదటిది, ఎమ్.పీ.3 వంటి కుదించిన ఫైళ్లు. ఇందు కొన్ని, ఒక్కొక్క చోట ఒక్కొక్క గాఢతతో కుదింపబడినవి, ఫలాని క్షణము ఫైలులో ఎచటనున్నదో కనుగొనుటకు సాఫ్ట్‌వేరును ఇబ్బంది పెట్టును. రెండవది, వాట్సాపు ద్వారా వచ్చిన మాటల సందేశములు. ఇవి ఓపస్ అను పద్ధతిలో కుదింపబడి యుండును. పెక్కు ఎడిటింగు సాఫ్ట్‌వేరులకు అవి మింగుడుపడవు. మూడవది, పాటల ఫైళ్లకును చిత్రముల ఫైళ్లకును కొలతలో భేదము. సీ.డీ. పాటలు సెకనుకు 44,100 కొలతలవి. వీడియోలకు 48,000 వాడుక. సాఫ్ట్‌వేరు తానే వీనిని సరిపుచ్చుకొనునుగాని, బలహీనమైన కంప్యూటరునకు అది అదనపు మోత.

మూడింటికిని మందొకటియే. ఫైలును 48,000 కొలతల వేవ్ ఫైలుగా మార్చి, పాతదాని స్థానమున దీనిని పెట్టవలెను. ఆడాసిటీ అను ఉచిత సాఫ్ట్‌వేరు ఈ పని చేయును. ఫోను వీడియోలోని ధ్వనిని తెరచుటకు దానికి ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్ అను అనుబంధము కావలసియుండును, అదియు ఉచితమే. వేవ్ ఫైలు కుదింపబడనిది గనుక చోటు హెచ్చుగా పట్టును. 16 బిట్ల రెండు వరుసల ధ్వనికి నిమిషమునకు సుమారు పదకొండున్నర మెగాబైట్లు, గంటకు దగ్గరదగ్గర 700 మెగాబైట్లు. వస్త్రమును మడత విప్పి పరచినచో చోటు పట్టును గాని, కత్తిరించుట సుళువు గదా!

ఇక ఫోను వీడియోల సంగతి. ఫోనులు సెకనుకు ఇన్ని ఫ్రేములని నియమముగా పట్టవు. వెలుతురు తగ్గినను, ఫోను వేడెక్కినను ఫ్రేముల నడుమ ఎడము మారుచుండును. ధ్వని మాత్రము సమగతిని సాగును. అందుచేత పాట సాగినకొలది పెదవికి మాటకు పొత్తు తప్పును. ఒక్కొక్కప్పుడు బొమ్మ నిలుచును. ఇట్టి వీడియోను హ్యాండ్‌బ్రేక్ అను ఉచిత సాఫ్ట్‌వేరులో "కాన్‌స్టెంట్ ఫ్రేమ్‌రేట్" ఎంచుకొని, ఫోను పట్టిన గతినే, సాధారణముగా 30, నిలిపి మార్చుకొనుడు. షాట్‌కట్ వాడువారికి ఆ సాఫ్ట్‌వేరే ఇట్టి ఫైలును చూచి, మార్చుదునా అని అడుగును, సరే యనుడు. మార్చిన పిమ్మటను మూలమును పారవేయవలదు.

నాలుగు: చిత్తుకాగితములు

ప్రీమియర్ మున్నగునవి చదివిన ధ్వనిని తమ సౌకర్యముకొరకు వేరుగా వ్రాసి దాచుకొనును. దీనిని మీడియా క్యాషే అందురు. కంప్యూటరు అర్ధాంతరముగా ఆగినపుడు ఈ వ్రాతలు సగములో నిలిచి చెడిపోవచ్చును. అప్పుడు మూలము నిర్మలముగా ఉన్నను, సాఫ్ట్‌వేరు చెడిన వ్రాతనే చదివి తడబడును. ప్రిఫరెన్సెస్‌లో మీడియా క్యాషే అనుచోట "డిలీట్" అని కలదు. ఆ మాట చూచి సోదరీమణులు భయపడుదురు. మూలము దస్తావేజు వంటిది. క్యాషే చిత్తుకాగితము వంటిది. చిత్తుకాగితము చింపినంతమాత్రమున దస్తావేజునకు హాని లేదు. సాఫ్ట్‌వేరు మరల తానే క్రొత్త చిత్తు వ్రాసికొనును. కాని అచటనున్న దానిని సాఫ్ట్‌వేరు చూపిన దారినే తుడువుడు. మీరు సంచులు తెరచి చేతితో ఏరి చెరపకుడు. పొరపాటున దస్తావేజే చినుగును.

అయిదు: అలంకారములు

ఫంకా చప్పుడు తీయుట, గది మారుమ్రోత తగ్గించుట మున్నగు మెరుగులు ధ్వనికి అలంకారములు. ఇవి ప్రతి క్షణమును లెక్కకట్టి చేయవలసిన పనులు గనుక మిక్కిలి బరువైనవి. నాలుగు ట్రాకులకు నాలుగేసి చొప్పున తగిలించినచో మంచి కంప్యూటరును క్రుంగును. వానిని తాత్కాలికముగా ఆపి చూచుడు; బొమ్మ నడచినచో, ఆడాసిటీలోనే ఆ మెరుగు ముందుగా చేసి, మెరుగుపడిన ఫైలునే తెచ్చి పెట్టుకొనుడు. సాఫ్ట్‌వేరు తెరచునప్పుడే నిలిచిపోవుచున్నచో, మీరు వేరుగా చేర్చిన ధ్వని ప్లగిన్లలో ఒకటి కారణము కావచ్చును. ఇటీవల చేర్చినదానిని మొదట తొలగింపుడు.

ఈ వరుసనే మేము ఆ సోదరికి వ్రాసి పంపితిమి. పదునైదు దినములకు ఆమె జాబు వచ్చినది. సగములు చేయు పద్ధతిని దోషి రెండు గంటలలో దొరకినదట. నాలుగవ పాట వెనుక తంబుర ధ్వనికొరకు చేర్చిన ఎమ్.పీ.3 ఫైలే కారణము. దానిని వేవ్‌గా మార్చినంతనే కూర్పు సాగినది. ఐనను తొమ్మిదవ పాట, అప్పగింత పాట, వినగా, మధ్యనుండి కంఠమే లేదు. మూలమునందే లేదు. ఆనాడు మైకునకు చెంగు అడ్డుపడెనో, మరేమి జరిగెనో తెలియదు. పట్టని ధ్వనిని ఏ సాఫ్ట్‌వేరును తేజాలదు. దేనితోనైన కప్పవచ్చునా అని ఆమె అడిగినది. మేము వలదంటిమి. ఆ పాట తల్లికడ నేర్చిన పెద్ద ఆడుబిడ్డ ఉన్నది గదా. మిగిలిన చరణములు ఆమె తన కంఠముతో పాడి, అచటినుండి పాడినది తానేయని తెరపై వ్రాయించుట మంచిదని సూచించితిమి. అసలును నకలును కలిపి దాచుటకంటె ఇది గౌరవము. పాటయు ఒక తరము ముందునకు సాగును. ఆమె అట్లే చేయుచున్నది.

ముందు జాగ్రత్తలు

పట్టునపుడే శ్రద్ధ వహించినచో కూర్చునపుడు కష్టము తగ్గును. ఫోనును విమానపు గుర్తుపై ఉంచి పట్టుడు; నడుమ పిలుపు రాదు. వేరు మైకు వాడునపుడు ఆరంభమున బొమ్మలో కనబడునట్లు ఒక చప్పట్లు కొట్టుడు. చేతులు కలిసిన ఫ్రేమునకు ఆ చప్పుడును జతచేసిన రెండును సరిపోవును. ప్రతి పాటకు పిదప పది సెకనులైన తిరిగి వినుడు. బంధువులు వాట్సాపున పంపదలచిన, వీడియోగా గాక "డాక్యుమెంటు"గా పంపుడని చెప్పుడు. అప్పుడది కుదింపబడక ఉన్నదున్నట్లు చేరును. పెన్‌డ్రైవు మీదనుండియే కూర్పు చేయవలదు. కంప్యూటరులోనికి దించుకొని చేయుడు. అయిదేసి నిమిషములకు తానే భద్రపరచుకొను ఏర్పాటు పెట్టుకొనుడు.

ఇంతచేసినను నిలిచినచో మాకు వ్రాయుడు. వ్రాయునపుడు సాఫ్ట్‌వేరు పేరు, దాని అంకె, విండోసో మాకో, ఫైలు ఏ తెగది, వినుచున్న సాధనమేది, సరిగా ఏ పని చేయగా నిలిచినది, ఈ ఆరును తెలుపుడు. "కంప్యూటరు పనిచేయుట లేదు" అని మాత్రము వ్రాసినచో, "ఒంట్లో బాగులేదు" అను రోగికి మందిచ్చు వైద్యుని పాటు మాకును పట్టును. నాడి చూపినచో మందు చెప్పుట మా వంతు.